చెవిలో తూకం పోయిన మేస్త్రీ

మా పదో తరగతి పిల్లలు అంతరిక్షంలో కట్టిన ఇంటికి సీలింగు ఫ్యాను పెట్టారు. ఫ్యాను కింద మంచం, మంచం పక్కన నీళ్ల బిందె, వాకిట్లో తులసికోట, మిద్దె మీదికి మెట్లు. అట్టముక్కలతో అన్నీ ముచ్చటగానే చేశారు గానీ, అక్కడ పైనా కిందా అనేవి ఉండవని వారం రోజులు గొంతు చించుకుని నేను చెప్పిన పాఠం ఏమైపోయిందో అర్థం కాలేదు. జిల్లా సైన్సు ప్రదర్శనకు పన్నెండు రోజులుంది. కోపంతో ఆ అట్టపెట్టెను మా అద్దె ఇంటికి మోసుకొచ్చి వరండాలో పడేశాను. నాకు కోపం తొందరగా వస్తుంది. అందులో సగం నా మీదే, ఎందుకంటే తీరా నేనే సరిచేద్దామని కూర్చుంటే ఆ ఇంట్లో మంచం ఎక్కడ వెయ్యాలో నాకూ తోచలేదు.

ఆ సాయంత్రమే తిప్పన్న మేస్త్రీ వచ్చాడు. సోమందేపల్లె బయట, హైవేకి ఇవతల మేం కట్టుకుంటున్న ఇంటికి పునాది నుంచి శ్లాబు దాకా పని చేసింది ఆయనే. భార్య రామాంజినమ్మ భుజం పట్టుకుని, కళ్లు రోడ్డు మీది నుంచి ఎత్తకుండా, కాళ్లు ఎడంగా వేస్తూ నడిచి వచ్చాడు. చూసినవాళ్లు తాగాడనుకుంటారు. ఆయన జన్మలో తాగలేదు. ఆ మాట దారిలో ఎవరో ఒకరికి చెప్పుకోవలసి రావడమే రామాంజినమ్మకు అన్నిటికంటే పెద్ద కష్టం.

తిప్పన్నది కళ్యాణదుర్గం దగ్గర మెట్ట ఊరు. వరసగా మూడేళ్లు వేరుశనగ చేతికి రాకపోతే పద్నాలుగో ఏట బెంగళూరు బస్సెక్కి, సిమెంటు కలిపే కూలీగా చేరాడు. తాపీ చేతికి రావడానికి ఆరేళ్లు పట్టింది. పెళ్లయ్యాక రామాంజినమ్మ తట్ట ఎత్తడం, ఆయన గోడ కట్టడం. పాతికేళ్లుగా ఇద్దరిదీ ఒకే పని. ఆమె కింద నుంచి తట్ట ఎత్తితే ఆయన అటు చూడకుండానే చెయ్యి చాపి అందుకునేవాడు. గోడ నిటారుగా ఉందో లేదో తూకం గుండు వేలాడదీయకముందే చెప్పేసేవాడు. ఎలా తెలిసిందని అడిగితే, చెవిలో ఎవరో చెప్తారు మేడం అని నవ్వేవాడు. అది అక్షరాలా నిజమని అప్పుడు ఆయనకూ తెలియదు, సైన్సు టీచర్నయిన నాకూ తట్టలేదు.

నిరుడు మా శ్లాబు పోసిన నెలకు కాల్లో మేకు దిగి, చీము పట్టి, జ్వరంతో మనిషి పోయేంత పనైంది. పద్నాలుగు రోజులు సూదిమందు ఎక్కించి బతికించారు. మంచం దిగిన రోజున నేల ఆయన మాట వినలేదు. బెంగళూరులో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేసి చెప్పిందేమంటే, ఆ మందు ఒక్కొక్కరికి పడదు, ప్రాణం నిలబెడుతూనే చెవి లోపల తూకం చూసే భాగాన్ని తినేస్తుంది. వినికిడి మిగిలింది గానీ తూకం మళ్లీ రాదు. ఇకమీదట కళ్లూ పాదాలూ చెప్పిందే లెక్క. అందుకే కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటే పడిపోతాడు. తల మీదుగా బనీను తొడుక్కుంటే పడిపోతాడు. తల ఎత్తి పైకి చూస్తే చాలు, పడిపోతాడు. నడుస్తుంటే ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాలు అడుగడుక్కీ ఎగిరెగిరి పడతాయట.

అలాంటి మనిషి వచ్చి అడిగిందేమంటే, మా కొత్త ఇంటి పైకప్పులకు సిమెంటు పూత పని తనకే ఇమ్మని. గోడల పని కాదు, పైకప్పులు. మిగిలింది అదే కాబట్టి అదే అడిగాడు. కానీ మా ఆయన ఆనంద్ అప్పటికే పెనుకొండ మేస్త్రీ ఒకరితో మాట్లాడేశాడు. ఆ వచ్చే సోమవారం నుంచి అతను పనిలోకి దిగుతాడు. ఆ సంగతి తిప్పన్నకు ఎలా చెప్పాలో తెలియక, కాఫీ పెడతానని లోపలికి పారిపోయాను. బయటికి వచ్చేసరికి ఆయన వరండా బండ మీద కూర్చుని, అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

ఇది ఎవరి ఇల్లని అడిగాడు. చెప్పాను. భూమి చుట్టూ తిరిగే ఇల్లు, అందులో మనుషులు గాల్లో తేలుతుంటారు, బరువుండదు, కింద పడటమనేది ఉండదు అన్నాను. ఆయన పెట్టెను ఇంకోసారి తిప్పాడు. తర్వాత ఫ్యాను చూపించి, ఇది ఎందుకు పైన ఉందని అడిగాడు. వారం రోజుల పాఠం తర్వాత నలభై మందిలో ఒక్కరూ అడగని ప్రశ్న అది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అక్కడి నుంచి వాళ్లిద్దరూ నన్ను ప్రశ్నలతో తికమక పెట్టారు. అక్కడ నిద్రపోయేవాళ్లు గోడకు కట్టిన సంచీలో దూరి పట్టీలు బిగించుకుంటారని చెప్తే, నిలబడి నిద్రపోతారా పడుకుని పోతారా అని తిప్పన్న. రెండూ ఒకటే అన్నాను. ఒకటే ఎలా అవుతాయన్నాడు. ఈశాన్యం ఎటు వస్తుందన్నాడు. రోజుకు పదహారు సార్లు పొద్దు పొడుస్తుందంటే, తూర్పే నిలకడగా లేనిచోట వాస్తు చెప్పేవాడు ఏమైపోతాడోనని జాలిపడ్డాడు. దీపం వెలిగిస్తే మంట గుండ్రంగా ఉంటుందంటే రామాంజినమ్మ నమ్మలేదు. అన్నం ముద్ద వదిలేస్తే ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుందంటే మాత్రం వెంటనే నమ్మింది, ఎందుకో తెలియదు. గడప ఎక్కడ వేస్తారని అడిగింది. గుండ్రటి ద్వారం గోడ నడిమధ్యలో ఉంటుంది, ఎటు నుంచైనా దూరవచ్చు, గడపంటూ ఉండదన్నాను.

"గడప లేకపోతే ఇంట్లోకి వచ్చినట్ల ఎట్ల తెలుస్తాది?" అని ఆగి, ఇంకో ముఖ్యమైన సంగతి అడిగింది. "ఆడోళ్లు అలిగి కూచోవాలంటే యాడ కూచుంటారు? మూల ఉండదు, కూచునేదానికి నేల ఉండదు."

అలిగినవాళ్లు కూడా తేలుతూ పోయి అవతలివాళ్లను తగులుతారని చెప్పబోయి మానేశాను.

మాటల్లో పడి ఒక సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమోనని ఇప్పటికీ అనుకుంటాను. మంచి చెవులున్నవాళ్లు కూడా అక్కడికి పోగానే రెండు మూడు రోజులు వాంతులతో అల్లాడతారు, ఎందుకంటే కళ్లు ఒకటి చెప్తాయి, చెవి ఇంకొకటి చెప్తుంది అన్నాను. పూర్వం ఒకసారి, చెవిలో ఆ భాగం చిన్నప్పుడే పాడైన కొందరిని తెచ్చి, సముద్రం మీద, విమానాల్లో గిరగిరా తిప్పి చూశారట, వాళ్లలో ఒక్కరికీ వికారం పుట్టలేదట అన్నాను. తిప్పన్న తల వంచుకుని విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"అయితే ఆడ నేను బాగుండే మనిషిని," అన్నాడు.

అది ప్రశ్నో కాదో తెలియలేదు. అవునన్నట్టు తల ఊపాను. రామాంజినమ్మ నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత ఉందో తిట్టు ఉందో కూడా తెలియలేదు. పూత పని గురించి ఆ రోజు నేను ఏమీ చెప్పలేదు, వాళ్లూ మళ్లీ అడగలేదు.

మరునాటి నుంచి నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ వరండాలో ఉండేవాళ్లు. తిప్పన్న ఫ్యాను పీకేశాడు, మెట్లు పీకేశాడు. మంచం గోడకు నిలబెట్టి కట్టాడు. ఒక వంటగట్టు నేల మీద పెట్టి, దానికి ఎదురుగా పైన ఇంకొకటి పెట్టాడు. ఇద్దరు ఆడవాళ్లు తల తలకు ఎదురుగా నిలబడి వంట చేసుకోవచ్చట, స్థలం కలిసొస్తుందట. గోడల పొడవునా పట్టుకోవడానికి తాళ్లు కట్టాడు. తర్వాత ఏం తోచిందో, ఒక గోడ అడుగున ఎర్రటి జాజు పట్టీ పూశాడు. మా వైపు ఇళ్లకు పండగప్పుడు గోడ అడుగున పూసే పట్టీ లాంటిదే. ఎందుకని అడిగితే, "నేలంటూ లేనప్పుడు కన్నుకు ఏదో ఒకటి నేలని చెప్పల్ల మేడం" అన్నాడు. నిజంగానే అలాంటి ఇళ్లలో దీపాలన్నీ ఒకే పక్క పెట్టి, గోడల రంగులు మార్చి, కంటికి ఆ భ్రమ కల్పిస్తారని నేను చదివిందే. తర్వాత ప్రదర్శనలో ఒక పెద్దమనిషి ఆ ఎర్ర పట్టీ అలంకారమనుకుని బాగుందన్నాడు. నేను సరిదిద్దలేదు.

ఇంటి దగ్గర కూడా అదే చేస్తున్నాడని రామాంజినమ్మ చెప్పింది. మంచం నుంచి వాకిలి దాకా, వాకిలి నుంచి మరుగుదొడ్డి దాకా నడుము ఎత్తున తాడు కట్టాడు. కుండలు, చెంబులు అన్నీ గోడకు వేలాడదీశాడు. ఇంటికొచ్చిన ఆమె అక్క తాడు తగిలి పడబోయి, ఇది ఇల్లా వలా అని తిట్టిపోయింది. కానీ ఆ తాడు పట్టుకుని ఆయన ఒక్కడే నడుస్తున్నాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి. ఇది మంచిదా, పిచ్చా అని ఆమె నన్ను అడిగింది. నాకు తెలియదని చెప్పాను. టీచర్లు ఆ మాట అనడం ఆమెకు నచ్చలేదు.

గురువారం తిప్పన్న అసలు సంగతి బయటపెట్టాడు. పైకప్పు పూయాలంటే తల ఎత్తాలి, తల ఎత్తితే తను పడిపోతాడు. మరి ఆ ఇంట్లో పైకప్పంటూ ఏదీ లేదు కదా, ముఖానికి ఎదురుగా ఉన్నదంతా గోడే కదా. కాబట్టి తను సారవ కట్టెలు వేసుకుని, వాటి మీద పలకలు పరిచి, వెల్లకిలా పడుకుని, ఆ నిద్ర సంచీల్లో వాళ్లలాగే పట్టీలతో బిగించుకుంటాడు. అప్పుడు శ్లాబు తన ముఖానికి ఎదురుగా ఉండే గోడ. గోడ పూయడం తనకు తెలుసు.

"పాతికేండ్లు పూసినా గదా మేడం. గోడ యాడుంటే ఏమి?"

ఈ మనిషికి నేను ధైర్యం చెప్పానా, లేక తొమ్మిది అడుగుల ఎత్తు నుంచి తోసే పని మొదలుపెట్టానా. ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఆయన పడితే జవాబు ఎవరు చెప్తారని ఆనంద్ అడిగాడు. న్యాయమైన మాటే. సరైన జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను, పెంచాను. చివరికి పెనుకొండ మేస్త్రీ సంగతి కూడా వాళ్లకు చెప్పేసి, నలుగురం ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం కొత్త ఇంట్లో చిన్న గది ఒక్కటి. అది బాగా వస్తే మిగతావన్నీ తిప్పన్నవే. రాకపోతే సోమవారం పెనుకొండ మేస్త్రీ వస్తాడు, తిప్పన్న ఇక ఎప్పుడూ తాపీ మాట ఎత్తకూడదు. ఆ చివరి షరతు ఆనంద్‌ది కాదు, రామాంజినమ్మది. ఇంకెన్నాళ్లు ఈ ఆశ మోయాలో తెలియాలంది.

ఆదివారం పొద్దున్నే ఆమే సారవ కట్టింది. ఆమే ఇసక జల్లించి, సిమెంటు కలిపింది. పలకల మీద గోనెసంచులు పరిచి, ఆయన్ను పట్టుకుని నిచ్చెన ఎక్కించి, పాత మంచం నుంచి విప్పిన నవారుతో ఛాతీ దగ్గర, తొడల దగ్గర బిగించింది. కళ్లకు మా బడి ప్రయోగశాల నుంచి తెచ్చిన అద్దాలు పెట్టాను. పలకలకు, శ్లాబుకు మధ్య రెండడుగుల సందు. గది గుమ్మంలో కూర్చుని నేను చూశాను.

మొదటి తట్ట మొత్తం ఆయన ముఖం మీదే పడింది. రెండోది సగం పడింది. పైకి విసరకూడదు, అదిమి పెట్టాలని అప్పుడు తెలిసింది ఆయనకు. మూడో తట్ట నుంచి పూత నిలిచింది. ఆ తర్వాత ఇద్దరూ మాటల్లేకుండా పని చేశారు. ఆమె తట్ట ఎత్తడం, ఆయన అటు చూడకుండా చెయ్యి చాపడం, అందుకోవడం. ఒక భాగం అయ్యాక కట్లు విప్పి, ఆయన పలకల మీదే జరిగి, మళ్లీ కట్టుకోవడం. మధ్యాహ్నానికి ఆయన ఏదో కూనిరాగం తీశాడు. రామాంజినమ్మ నా వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఆ క్షణంలో ఎంత సంతోషం కలిగిందంటే, నా తికమకంతా మరిచిపోయాను.

మూడు గంటలకు గది పూర్తయింది. ఆనంద్ టార్చి వేసి, వెలుగు పైకప్పు పొడవునా అడ్డంగా పారించి చూశాడు. ఎత్తుపల్లం ఎక్కడున్నా నీడ పడుతుంది. ఒక్క నీడా పడలేదు. బయటికి పోయి, పెనుకొండకు ఫోను చేసి, రేపు రావద్దని చెప్పాడు. ఆ మాట మా అందరికీ వినబడింది.

అప్పుడు తిప్పన్న కట్లు విప్పుకున్నాడు. విప్పుకుని, కదల్లేదు. దిగి రమ్మని పిలిచాను. ఆయన చెయ్యి మెల్లగా చాపి, ఇప్పుడే పూసిన తడి సిమెంటు మీద అరచెయ్యి ఆనించబోయి ఆపుకున్నాడు.

"మేడం, నేను బోర్లా ఉండానా, వెల్లకిలా ఉండానా?" అన్నాడు. "నాకు ఇదే నేలయినట్ల ఉండాది. నేను దీని మీదికి దిగల్లనా?"

పొద్దుటి నుంచి ఎదురుగా బూడిదరంగు తప్ప ఇంకేమీ చూడని కళ్లు, గోనెసంచుల మీద మొద్దుబారిన వీపు. ఆయనకు దిక్కు చెప్పడానికి శరీరంలో ఏదీ మిగల్లేదు. నేను నవ్వుతూ ఇచ్చిన అంతరిక్షంలో ఆయన నిజంగానే ఉన్నాడు. కుడి కాలు పలక అంచు దాటి గాల్లో వెతుకుతోంది, అది కూడా నిచ్చెన లేని పక్కన. ఆనంద్ పరుగెత్తుకొచ్చి కట్టెలు పట్టుకుని ఎక్కబోయాడు. సారవ ఊగింది, తిప్పన్న అరిచాడు. రామాంజినమ్మ ఆనంద్ చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆమె కేక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నిచ్చెన మొదట్లో నిలబడి, తట్ట అందించేటప్పుడు మాట్లాడే మామూలు గొంతుతో మాట్లాడింది.

"ఇదో, ఇను. కండ్లు మూసుకో. నీ కండ్లతో పన్లేదు. చెవులు ఇనబడతాయి గదా నీకు? నా గొంతు యాడ నుంచి వస్తాందో, నేల ఆ పక్క ఉండాది. అంతే. నా పక్కకి రా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కళ్లు మూసుకుంటే పడిపోయే మనిషి. నేను చూడలేక, చూడకుండా ఉండలేక గోడకు అతుక్కుపోయాను. కాలు వెనక్కి వచ్చింది. వీపు మీద జరిగాడు, పక్కకు ఒరిగాడు, బోర్లా తిరిగాడు. నిచ్చెన మొదటి మెట్టు పాదానికి తగిలింది.

"మాట్లాడతానే ఉండు," అన్నాడు.

ఏం మాట్లాడాలో ఆమెకు తోచలేదు. పొద్దున వండిన అలసంద పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పింది. వాళ్లక్క తాడు తగిలి తిట్టిపోయిందని మళ్లీ చెప్పింది. గోనెసంచులు తిరిగి ఇచ్చెయ్యాలని చెప్పింది. గొంతు మధ్యలో రెండుసార్లు ఆగిపోతే, రెండుసార్లూ ఆయన నిచ్చెన మీద ఆగిపోయాడు. ఆమె గొంతు సవరించుకుని మళ్లీ పప్పు దగ్గరికి వచ్చింది.

ఆఖరి మెట్టు దిగాక కూడా నిచ్చెన వదల్లేదు ఆయన. కళ్లు మూసుకునే, ఒక పాదంతో కింద బండను తడిమాడు.

"ఇదేనా?"

"ఇదే," అంది రామాంజినమ్మ.